రూ.450 కేబులా, రూ.6,500 కేబులా? మా నాన్న ఎడమ చెవి తేల్చిన విషయం

మీ ఇంట్లో పాత స్టీరియో ఉందా? ఒక స్పీకర్ సౌండ్ తగ్గిందని, లేదా వెనక నుంచి ‘గుయ్’ మని శబ్దం వస్తోందని అనిపిస్తోందా? అయితే కొత్త యాంప్లిఫైయర్ కోసం వెతికే ముందు ఈ ఆర్టికల్ చదవండి. తప్పు వెనకాల ఉన్న ఎర్ర, తెల్ల పిన్నుల వైరుదే కావచ్చు. దీన్నే ఆర్‌సీఏ కేబుల్ అంటారు. సీడీ ప్లేయర్ నుంచో, టీవీ నుంచో యాంప్లిఫైయర్‌కి సిగ్నల్ తీసుకెళ్లేది ఇదే.

నేను తిరుపతిలో ఉండి వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటాను. అమ్మానాన్న చిత్తూరులో ఉంటారు. నాన్నకు పొద్దున కాఫీతో పాటు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’ సీడీ ఉండాల్సిందే. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే రెండు రోజులైనా పాట వినపడలేదు. ఏమైందని అడిగితే, “ఎడం చెవి సరింగా ఇనపడ్లేదు రా. ఒగోసారి ఇనిపిస్తాది, ఒగోసారి లేదు. వయసైపాయ కదా” అన్నాడు. వేలూరుకి తీసుకుపోయి చెవి చూపించాలని అమ్మ అప్పటికే తేదీ కూడా అనుకుంది.

ఆ సాయంత్రం మామ ఫోన్ చేశాడు. నాన్న ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అదీ ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుని! అప్పుడు నాకు డౌట్ వచ్చింది.

ఐదు నిమిషాల టెస్టు

దీనికి ఏ మీటరూ అక్కర్లేదు. ముందు యాంప్లిఫైయర్ ఆఫ్ చేయండి. దాని వెనకాల ఎర్ర పిన్ను ఉన్న చోట తెల్లది, తెల్లది ఉన్న చోట ఎర్రది పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో మళ్లీ ఆన్ చేయండి.

సమస్య ఎడమ స్పీకర్ నుంచి కుడి స్పీకర్‌కి మారిందంటే యాంప్లిఫైయర్, స్పీకర్లు, మీ చెవులు అన్నీ బాగున్నట్టే. తప్పు కేబుల్‌లో గానీ ప్లేయర్‌లో గానీ ఉంది. మారకుండా ఎడమవైపే ఉంటే యాంప్లిఫైయర్‌నో స్పీకర్‌నో చూపించాలి. అవి కూడా బాగానే ఉన్నాయంటే మాత్రం నిజంగానే చెవి డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

తర్వాత ఆ పిన్నులను మామూలుగా పెట్టేసి, ఈసారి ప్లేయర్ వైపు మార్చండి. సమస్య రెండో స్పీకర్‌కి మారితే తప్పు ప్లేయర్‌ది. మారకపోతే కేబుల్‌ది.

మా ఇంట్లో తప్పు కేబుల్‌దే. డీవీడీ ప్లేయర్ల కాలంలో వచ్చిన సన్న వైరు అది. తెల్ల పిన్ను విప్పి చూస్తే లోపల టంకం పచ్చబడిపోయి, మధ్య తీగ ఊడీ ఊడకుండా ఉంది. చుట్టూ ఉండాల్సిన షీల్డు నాలుగు పోగులే మిగిలింది. సౌండ్ వచ్చి పోవడానికి, ‘గుయ్’ మనడానికి కారణం అదే.

కొనేటప్పుడు ఏం చూడాలి?

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక షాపులో రూ.450 పెట్టి మీటర్ కేబుల్ కొన్నాను. నేను చూసుకున్నవి ఇవే.

షీల్డు: ఈ వైరులో నడిచే సిగ్నల్ చాలా చిన్నది. సీడీ ప్లేయర్ నుంచి ఎక్కువలో ఎక్కువ 2 వోల్టుల దాకా వస్తుంది. పక్కనున్న కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ హమ్ అందులో కలవకుండా ఆపేది షీల్డే. దట్టంగా అల్లిన రాగి షీల్డు ఉన్నది తీసుకోండి.

పిన్ను: సాకెట్‌లో బిగుతుగా కూర్చోవాలి. వేలితో కదిపితే సౌండ్ మారకూడదు. బంగారు పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతేగానీ సౌండ్‌ని మార్చదు.

పొడవు: అవసరానికి కొంచెం ఎక్కువ ఉంటే చాలు. మామూలు కేబుల్‌కి మీటర్‌కి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుందనుకుందాం. ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 1 కిలో ఓమ్ అయితే, సౌండ్ తగ్గడం మొదలయ్యేది 15 లక్షల హెర్ట్జ్ పైన. మనిషి చెవికి వినపడేది 20 వేల దాకానే. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్‌కి ఈ కెపాసిటెన్స్ తేడా నిజంగానే వినపడుతుంది.

కొత్త కేబుల్ పెట్టినా రెండు స్పీకర్లలోనూ హమ్ వస్తుంటే గ్రౌండ్ లూప్ కావచ్చు. ప్లేయర్, టీవీ, యాంప్లిఫైయర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. హమ్ పోతుందని ఎవరు చెప్పినా ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీసేయకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

మరి రూ.6,500 కేబుల్?

బెంగళూరులో ఉండే కొలీగ్ దగ్గర ఒకటి అడిగి తెచ్చాను. పెట్టె మీద ‘ఆక్సిజన్ ఫ్రీ కాపర్’ అని పెద్ద అక్షరాలు. మామూలు వైరు రాగికీ దీనికీ విద్యుత్ వాహకతలో తేడా ఒక శాతం దాకానే ఉంటుంది. మీటర్ వైరులో అది లెక్కలోకే రాదు.

అయినా విని చూద్దాం అనుకున్నాం. స్టీరియో ముందు దుప్పటి కట్టాం. అమ్మ నాణెం ఎగరేసి ఏదో ఒక కేబుల్ పెడుతుంది, ఏది పెట్టిందో నేను చెప్పాలి. 10 సార్లలో 6 సార్లు కరెక్ట్ చెప్పాను. గొప్ప అనుకోకండి. గుడ్డిగా చెప్పినా 6 లేదా అంతకంటే ఎక్కువ కరెక్ట్ అయ్యే ఛాన్స్ 38 శాతం ఉంది. ఎనిమిదోసారికి అమ్మకు విసుగొచ్చి, “రెండూ ఒగటే మాదిరి పాడతా ఉండాయి, యాల నాయనా ఈ పని?” అంది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

ఫైనల్‌గా ఏం కొనాలి?

ఇంట్లో మీటర్, మీటరున్నర దూరానికి రూ.300 నుంచి రూ.700 లోపు మంచి షీల్డు, గట్టి పిన్ను ఉన్న కేబుల్ చాలు. ఇంకా డబ్బులుంటే స్పీకర్ల మీద పెట్టండి, తేడా వినపడేది అక్కడే. టంకం పెట్టడం వస్తే పాత వైరునే బాగు చేసుకోవచ్చు. మాది మరీ పాడైపోయింది కాబట్టి పారేశాం.

వేలూరు ప్రయాణం క్యాన్సిల్ అయింది. మర్నాడు పొద్దున ఆరుకే పాట మొదలైంది. నేను నిద్ర లేచి హాల్లోకి వెళ్లేసరికి నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఎడమ స్పీకర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “కొంచెం సౌండ్ తగ్గించు నాన్నా” అన్నా. వినపడనట్టే ఉన్నాడు.