పత్రికా వ్యాసం నుంచి పరీక్ష పేరా దాకా

ఇంగ్లిష్ ప్రశ్నపత్రాల్లో మధ్యమధ్య మాటలు తీసేసి పూరించమనే క్లోజ్ పేరా తరచుగా ఏదో పత్రికలో అచ్చయిన వ్యాసం నుంచే పుడుతుంది. అయితే ఆ వ్యాసం ఉన్నది ఉన్నట్టుగా పరీక్షకు పనికిరాదు. నిడివి తగ్గాలి, తీసేసిన ప్రతి మాటకూ మిగిలిన వాక్యాల్లోనే ఆధారం దొరకాలి. అసలు కష్టం ఈ రెండో షరతుతోనే.

ఈ పద్ధతిని 1953లో అమెరికాలో విల్సన్ టేలర్ ప్రతిపాదించారు. ఆయన కొలవాలనుకున్నది విద్యార్థి భాషాజ్ఞానాన్ని కాదు, ఒక రచన ఎంత సులభంగా అర్థమవుతుందో. నిర్ణీత దూరానికో మాట తీసేసి, పాఠకులు ఎన్ని ఎక్కువ పూరిస్తే రచన అంత సుబోధకమని లెక్కించారు. ఇదే భాషా పరీక్షగా మారాక యాంత్రికమైన కోత ఇబ్బంది పెట్టింది. వంతు వచ్చిన మాట ఏ ఊరిపేరో, సంవత్సరమో అయితే ఎంత ఇంగ్లిష్ వచ్చినవారైనా పూరించలేరు. అందుకే ఇప్పుడు చాలా పరీక్షల్లో ఏ మాట తీయాలో పత్రం తయారుచేసేవారే ఎంచుకుంటారు. మన దేశంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్, బ్యాంకు పరీక్షలు రాసేవారికీ ఈ పేరాలు పరిచితమే.

చైనాలో పీజీ ప్రవేశానికి జరిగే జాతీయ పరీక్ష కావోయాన్. అందులో ఇంగ్లిష్ మొదటి రకం పత్రంలోని క్లోజ్ పేరా సుమారు 240 నుంచి 280 మాటలుంటుంది. 20 ఖాళీలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, అర మార్కు. 2010 నాటి పేరాకు మూలం, అంతకుముందు ఏడాది ‘ది ఎకనమిస్ట్’లో హాథార్న్ ప్రయోగాల మీద వచ్చిన వ్యాసం. 1924లో షికాగో దగ్గర టెలిఫోన్ విడిభాగాల ఫ్యాక్టరీలో, వెలుతురును బట్టి కార్మికుల పని ఎలా మారుతుందో చూడటానికి మొదలైన ప్రయోగాలవి. దీపాల వెలుగు పెంచినా, తగ్గించినా ఉత్పత్తి పెరిగిందన్న మాట ప్రచారమైంది. తమ మీద ప్రయోగం జరుగుతోందని తెలియడమే మనుషుల తీరును మారుస్తుందన్న సిద్ధాంతం అలా స్థిరపడింది. పాత లెక్కలు మళ్లీ తీసి చూస్తే వెలుతురు మార్పుల వల్లే ఉత్పత్తి అలా పెరిగిందనడానికి సరైన ఆధారం దొరకలేదు. దీపాలను ఎప్పుడూ ఆదివారమే మార్చేవారు. ప్రయోగం లేని వారాల్లోనూ సోమవారం ఉత్పత్తి పెరుగుతూనే ఉండేది.

ఆ లెక్కలు పోయాయనే అందరూ అనుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అవి మిల్వాకీ, బోస్టన్‌లలో భద్రంగా ఉన్నాయని కనిపెట్టారు. పరీక్ష పేరాలో ఈ అన్వేషణ అంతా పోయి, దశాబ్దాల తర్వాత ఆ సమాచారాన్ని విశ్లేషించడం జరిగిందన్న ముక్క మాత్రం మిగిలింది. పేర్లు, ఊళ్లు ఖాళీలు పూరించడానికి తోడ్పడవు కనుక వాటిని వదిలేయడం పరీక్ష వరకు సబబే. కానీ ఎవరి శ్రమ వల్ల ఆ నిజం బయటపడిందో చదివే విద్యార్థికి తెలియకుండా పోతుంది. అది చిన్న నష్టం కాదు.

వాదన మలుపులు మాత్రం కోతకు గురికాకూడదు. వాటిని విద్యార్థి అనుసరించగలిగేలా ఈ పేరాలో మొదటి వాక్యం ఖాళీ లేకుండా నిండుగా ఉంది. విషయమేమిటో అక్కడే తెలుస్తుంది. ‘ఎండ్’ తర్వాత ‘అప్’ రావాలన్నది నుడికారం తెలిస్తే చాలు. ‘కాంట్రరీ టు’ పెట్టాలంటే మాత్రం రికార్డుల్లో రాసిన దానికి విరుద్ధమైన ఫలితం వచ్చిందని గ్రహించాలి. ప్రయోగం జరిపిన తీరు వల్ల వచ్చిన నిర్ధారణ ‘మిస్‌లీడింగ్’ అని పూరించడానికి ఆదివారం, సోమవారం సంగతి కూడా చదవాలి, అంటే ఖాళీ దాటి ముందుకు వెళ్లాలి. మంచి ఖాళీ అంటే ఇలాంటిదే.

ఆప్షన్ల కూర్పు మరో పని. నాలుగూ వ్యాకరణం ప్రకారం వాక్యంలో ఇమడాలి, అర్థంలో మాత్రం ఒక్కటే నిలవాలి. రెండు కుదిరితే ఆప్షన్‌నైనా మార్చాలి, మూల వాక్యాన్నైనా తిరగరాయాలి. కేంబ్రిడ్జ్ బీ2 ఫస్ట్ పరీక్షలో ఆప్షన్లే లేని ఎనిమిది ఖాళీల భాగం కూడా ఉంది. అక్కడ ఎక్కువగా విభక్తుల పని చేసే చిన్న మాటలు, సర్వనామాలు, సహాయక క్రియల వంటివే తీస్తారు, ఎందుకంటే అలాంటి చోట సరిపోయే జవాబులు చాలా తక్కువ.