నిప్పార్పే గొట్టానికి ఒక ఊత



కోతలై, నూర్పిళ్ళు ముగిసి, గడ్డి వాములు పడే రోజులు వస్తే రైతు కొంచెం ఊపిరి తీసుకుంటాడు. ఏడాది పొడుగునా గొడ్డూ గోదా తినవలసిన మేతంతా ఆ వాముల్లోనే వుంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే ఆ మేత అంతా ఒక్క పూటలో బూడిద అవుతుంది. పూర్వం బిందెలతో, కడవలతో నీళ్ళు చల్లేవాళ్ళం. ఇప్పుడు చాలా ఊళ్ళలో బోరు మోటారు వున్నది. పొలంలో పరచుకునే లపేట పైపు వున్నది. నీళ్ళకేం కరువనుకుంటాం. అయినా కొన్నిచోట్ల నీళ్ళుండీ వాములు తగలబడిపోతున్నవి. ఎందుకని? నీళ్ళు చిమ్మే గొట్టాన్ని నిలబెట్టే వుపాయం తెలియక. ఈ పూట ఆ వుపాయం గురించే చెప్పుకుందాం.

ఒకమారు నేనొక గ్రామంలో వుండగా వామికి నిప్పంటుకున్నది. కుర్రవాళ్ళు చురుకైనవాళ్ళు. మోటారుకు గొట్టం తగిలించి, కొసకు ఇత్తడి ముక్కు బిగించి ముగ్గురు పట్టుకున్నారు. నీళ్ళు బాగానే వచ్చినవి. పావుగంట గడిచేసరికి ముందున్నవాడి చేతులు పడిపోయి, పట్టు మార్చుకోబోయాడు. అంతే! గొట్టం చేయిజారి పాములాగా తిరిగింది. ఇత్తడి ముక్కు ఒకడి మోకాలి చిప్పకు తగిలింది. మిగతా ఇద్దరూ దూరంగా పరుగెత్తారు. మోటారు దగ్గరున్నవాడికి కేక వినబడి, అతడు ఆపేలోపల పక్క వామికి కూడా నిప్పు పాకింది. ఆ రోజు కుర్రవాళ్ళ ధైర్యానికి లోటు లేదు. గొట్టానికి ఊత లేదు, అంతే లోటు.

ఇంతకూ గొట్టం ఎందుకు తన్నుతుంది? పడవలోంచి గట్టు మీదికి దూకినప్పుడు ఏమవుతుందో మీకు తెలుసు. మనం ముందుకు దూకితే పడవ వెనక్కు పోతుంది. గొట్టం ముక్కులోంచి నీళ్ళు జోరుగా ముందుకు దూకినప్పుడు కూడా అంతే; ముక్కు వెనక్కు పోతుంది. ఈ తన్ను ఎంతో లెక్క కట్టడం కష్టం కాదు. ముక్కు దగ్గర ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోలో చూడండి. ముక్కు రంధ్రం వైశాల్యం ఎన్ని చదరపు సెంటీమీటర్లో చూడండి. ఆ రెండిటినీ గుణించి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. అదే తన్ను, కిలోలలో.

20 మిల్లీమీటర్ల రంధ్రం, 5 కిలోల ఒత్తిడి అనుకుందాం. తన్ను 31 కిలోల పైచిలుకు వస్తుంది. అదే ఒత్తిడికి రంధ్రం 25 మిల్లీమీటర్లయితే 49 కిలోలు, అంటే ఇంచుమించు ఒక డి.ఏ.పి. బస్తా బరువు. 12 మిల్లీమీటర్లయితే 11 కిలోలే. రంధ్రం వెడల్పు రెట్టింపయితే తన్ను నాలుగింతలు అవుతుందన్నమాట. ముక్కు దగ్గర 2 కిలోల ఒత్తిడి మాత్రమే ఇచ్చే వ్యవసాయపు మోటారుతో కూడా, 20 మిల్లీమీటర్ల ముక్కు 12 కిలోలకు పైగా తన్నుతుంది. "పన్నెండు కిలోలేగా, పట్టుకోలేమా?" అంటారేమో. పది నిమిషాలు పట్టుకోవచ్చు. కాని చంకలో రెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకొని, పొగలో, సెగలో, కాళ్ళకింద బురదలో రెండు గంటలు కదలకుండా నిలబడి చూడండి!

దీనికి గొట్టం బరువు తోడు. ఫైరింజను వాళ్ళు సాధారణంగా వాడే 63 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు మూడు లీటర్లకు పైగా నీళ్ళు పడతవి. పదిహేను మీటర్ల గొట్టంలో నీళ్ళ బరువే 47 కిలోలు. ఒట్టి గొట్టాన్ని చిన్నపిల్లవాడైనా లాగుతాడు. నీళ్ళు నిండిన తరువాత పెద్దవాళ్ళకే కష్టం. కాబట్టి ఎక్కడ కావాలో అక్కడికి ముందు గొట్టం పరచుకొని, ఆ తరువాతనే నీళ్ళు వదలాలి.

ఇప్పుడు ఊత సంగతి. ఏ ఊతకైనా సూత్రం ఒక్కటే: తన్నును మనిషి చేతులకు వదలకుండా నేలకు అప్పజెప్పాలి. చేతులు గొట్టాన్ని తిప్పడానికి మాత్రమే వుండాలి. పెద్ద మంటల దగ్గర అగ్నిమాపక దళంవారు వాడే నేలమానిటరు చేసేపని ఇదే. ఆ సాధనానికి చాచిన కాళ్ళుంటవి, కాళ్ళకు మొనలుంటవి. ఒకసారి నిలిపి గురిపెడితే, చేత్తో పట్టలేనంత పెద్ద ధారనైనా అది మోస్తుంది. మన ఊళ్ళో మానిటరు వుండదు. కాని అదే పని చేసే వుపాయాలు మూడు వున్నవి.

మొదటిది భుజం తాడు. అరచెయ్యంత వెడల్పు నవారు పట్టీనిగాని మెత్తని మోకునుగాని ముక్కుకు రెండడుగుల వెనక గొట్టానికి వురి వేసి, భుజం మీదుగా తగిలించుకోవాలి. బరువు వేళ్ళమీద నుంచి వొంటిమీదికి వస్తుంది. దీనివల్ల తన్ను పోదు, పట్టు మాత్రం సుళువవుతుంది. తాడును నడుముకుగాని మెడకుగాని కట్టుకోరాదు. గొట్టం తిరగబడితే వెంటనే విదిలించుకొని బయటపడేటట్టు వుండాలి.

రెండవది చుట్ట. దీనికి ఏ సామానూ అక్కరలేదు. నీళ్ళు వదలకముందు గొట్టాన్ని నేలమీద పెద్ద చుట్టగా తిప్పి, ముక్కున్న కొస గొట్టం కిందినుంచి రెండు మూడడుగులు ముందుకు వచ్చేటట్టు పెట్టాలి. ఒకటిమీద ఒకటి పడేచోట రెండు గొట్టాలనూ తాడుతో కట్టి, నీళ్ళు వచ్చాక మనిషి దానిమీద కూర్చోవాలి. గొట్టం బరువూ, మనిషి బరువూ కలిసి తన్నును నేలకు అణచిపెడతవి. చుట్ట మరీ చిన్నదైతే గొట్టం మడతపడి నీళ్ళు ఆగిపోతవి; లపేట పైపుకైతే ఇంకా పెద్ద చుట్ట కావాలి. గొట్టాన్ని ఇటూ అటూ ఎక్కువగా తిప్పవలసిన చోట ఈ పద్ధతి పనికిరాదు.

మూడవది కర్రల కత్తెర. సరుగుడుగాని గట్టి వెదురుగాని ఆరడుగుల కర్రలు మూడు తీసుకోండి. పైనుంచి ఒక అడుగు వదిలి మూడింటినీ కలిపి గట్టిగా కట్టండి. రెండు కాళ్ళు ముందుకు, ఎడంగా. ఒక కాలు వెనక్కు, సరిగ్గా గొట్టం వరుసలో వుండాలి. వెనక కాలును జానెడు లోతున పాతాలి, ఎందుకంటే తన్నంతా పడేది దానిమీదనే. పైన ఏర్పడిన పంగలో ముక్కును పెట్టి, ఇటూ అటూ తిరిగేందుకు వీలుగా తాడుతో కట్టాలి. ముక్కు వెనక పదడుగుల దాకా గొట్టం తిన్నగా పోవాలి. నేలకు ఆనినచోట దానిమీద ఒక ఇసుక బస్తా వేయాలి. వంకర వుంటే, ఆ వంకర దగ్గర నీళ్ళు గొట్టాన్ని పక్కకు తోస్తవి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కత్తెర కదలకుండా వుండాలని వెనకవైపు గూటం పాతి, దానికి తాడు బిగిస్తారు. ఎద్దును కట్టే అలవాటు మనది! ఎద్దు ముందుకు లాగుతుంది గనుక దాని తాడు వెనక కట్టుకుంటాం. గొట్టం ముందుకు లాగదు, వెనక్కు తన్నుతుంది. వెనక కట్టిన తాడు ఆ తన్నుకు వదులై నేలమీద పడివుంటుంది తప్ప ఎందుకూ పనికిరాదు. కాబట్టి గూటాలు ముందువైపు పాతాలి. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, మంట సెగ తగలనంత దూరంలో పాతి, రెండు మోకులు తెచ్చి ముక్కు మొదట బిగించాలి. గూటం తల మంటవైపు వాలి వుండాలి. నిటారుగా పాతిన గూటం లాగుడుకు వూడివస్తుంది.

ధార ఎంత ఎత్తుకు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. సగం వాలుగా, అంటే 45 డిగ్రీలు పైకి పెడితే, 31 కిలోల తన్నులో 22 కిలోలు కత్తెరను నేలకు అదుముతుంది, 22 కిలోలు వెనక్కు తోస్తుంది. 30 డిగ్రీలకు దించితే అదిమేది 16 కిలోలకు తగ్గి, తోసేది 27 కిలోలకు పెరుగుతుంది. దించినకొద్దీ జారుతుందన్నమాట. బాగా దించవలసి వస్తే కత్తెరను నమ్మక, ముక్కును నేలకు దగ్గరగా పెట్టి చుట్ట పద్ధతి వాడండి.

"ఏమండీ, కొంప అంటుకుంటే కర్రలు కట్టుకుంటూ కూర్చోమంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కూర్చోవద్దు. కత్తెర ముందే కట్టి, మడిచి, రెండు గూటాలు, రెండు మోకులు, ఒక సమ్మెటతో సహా మోటారు కొట్టంలో పెట్టివుంచండి. మంట కనబడగానే ముందు 101కి గాని 112కి గాని ఫోను చేయండి. ఒకడు గొట్టం పరుస్తుంటే ఇద్దరు కత్తెర నిలపవచ్చు.

వామి మంటకు ఈ ఊత ఎందుకు మరీ అవసరమంటే, ఆ మంట ఒక గంటలో ఆరేది కాదు. పైన ఆరినా లోపల రాజుకుంటూనే వుంటుంది. వామిని కొంకికర్రలతో విప్పుతూ, విప్పినదాన్ని తడుపుతూ గంటలకొద్దీ పని చేయాలి. అంతసేపు చేతులు ఆగవు, కత్తెర ఆగుతుంది. ఇంకొక సంగతి: మండే గడ్డిమీద తిన్నని ధారను దగ్గరనుంచి కొడితే గడ్డి చెల్లాచెదరై నిప్పును నాలుగువైపులకూ మోసుకుపోతుంది. వానజల్లులాగా విచ్చుకునే ముక్కు వాడండి. అది లేకపోతే ధారను పైకెత్తి, నీళ్ళు మీదనుంచి పడేటట్టు చేయండి. అంటుకున్న వామి దక్కదనిపిస్తే, ముందు పక్క వామినీ, పశువుల పాకనూ తడపండి.

ఇక జాగ్రత్తలు. మోటారు దగ్గర ఒక మనిషి ఎప్పుడూ వుండాలి. చేయెత్తితే వదలాలి, రెండు చేతులు అడ్డంగా వూపితే ఆపాలి అని ముందే అనుకోవాలి. నీళ్ళు మెల్లగా వదలాలి, మెల్లగా కట్టాలి. ఒక్కసారి కడితే దెబ్బకు గొట్టం పగలవచ్చు. లపేట పైపు ఎంత ఒత్తిడికి ఆగుతుందో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. చేయిజారిన ముక్కును పట్టుకోవడానికి ఎవరూ పోవద్దు, మోటారు ఆపించండి. గొట్టం దారికి అడ్డంగా పోతే రెండు పక్కలా మందపాటి పలకలు వేసి, మధ్య సందులో గొట్టాన్ని వుంచండి. ట్రాక్టరు ఎక్కినా నలగదు. డాబా మీదికి గొట్టం ఎక్కిస్తే, వేలాడే బరువు బిగింపుల మీద పడకుండా, బిగింపు కింద తాడువేసి పైన పిట్టగోడకు కట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు. తీగలున్న చోట, ఆ తీగకు కరెంటు ఆపించకుండా నీటి ధార కొట్టరాదు. ధార వెంట కరెంటు మనిషికి రావచ్చు. ఆపే పని కరెంటువాళ్ళదే. ఆ తీగా, మన మోటారు తీగా ఒకటే అయితే మోటారు కూడా ఆగిపోతుందని మరిచిపోకండి. అందుకని ఊరికి ఒక ఆయిలింజనైనా, ట్రాక్టరుతో నడిచే పంపయినా సిద్ధంగా వుండాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఒక ఓడ పేలింది. మందుగుండుతోపాటు పత్తి బేళ్ళు కూడా వున్న ఓడ అది. ఆ మంటలార్పబోయి ప్రాణాలిచ్చిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతున్నవి. ఆ వారంలో దగ్గరి అగ్నిమాపక కేంద్రం వారిని ఊరికి పిలిచి, చెరువుగట్టున కత్తెర నిలిపి, కుర్రవాళ్ళచేత గొట్టం పట్టించండి. ఒక్కసారి తన్ను రుచి చూసినవాడికి మళ్ళీ చెప్పనక్కరలేదు.

రైతు సోదరులారా! మూడు కర్రలు, రెండు గూటాలు, రెండు మోకులు. మన పెరట్లో లేనిదేదీ లేదు. ఈ ఆదివారం కట్టి చూడండి. నీళ్ళు నిప్పును చూసుకుంటవి, తన్నును నేల చూసుకుంటుంది, మీ కుర్రవాళ్ళు క్షేమంగా ఇంటికి వస్తారు.