కుక్క పోతే పరామర్శకు ఎవరొస్తారు?

ఇంట్లో మనిషి పోతే ఏం చేయాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చుట్టాలు దిగుతారు, పెద్దకర్మ దాకా ఇల్లు సందడిగానే ఉంటుంది, ఆఫీసు వాళ్లు అడక్కముందే సెలవిస్తారు. అదే పన్నెండేళ్లు పెంచుకున్న కుక్క పోతే మర్నాడు మామూలుగా డ్యూటీకి వెళ్లాలి. కళ్లు వాచి ఉంటే జలుబని సర్దిచెప్పాలి. అమెరికన్ ఆచార్యుడు కెన్నెత్ డోకా 1989లో తెచ్చిన పుస్తకంలో ఇలా సంఘం గుర్తించని దుఃఖాల గురించే చర్చించారు. బాధ ఎంతో ఉంటుంది, బాధపడే హక్కు మాత్రం ఉండదు. పెంపుడు జంతువు పోయినప్పటి శోకం అతి కాదని, దానికి చోటివ్వకపోవడమే దాన్ని మరింత బరువెక్కిస్తోందని నా వాదన.

పెంపుడు జంతువుతో మన అనుబంధం ఉత్త భ్రమేమీ కాదు. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లీబిడ్డల బంధంలో పనిచేసే హార్మోనే అది. మనుషులు పెంచిన తోడేళ్లలో ఈ ప్రభావం కనిపించలేదు. అయితే హార్మోన్ల కంటే దినచర్య దెబ్బే పెద్దదని నాకనిపిస్తుంది. పొద్దున్నే నడకకు తీసుకెళ్లడం, పెరుగన్నం కలిపి పెట్టడం, మందు బిళ్లను ఇడ్లీ ముక్కలో దాచి తినిపించడం: పోయినవాళ్లు రోజుకు ఇన్నిసార్లు గుర్తుకొచ్చే బంధాలు మనుషుల్లోనూ తక్కువే.

ఇదంతా నగరాల్లో డబ్బున్నవాళ్ల వేషమని కొట్టిపారేసేవాళ్లు కర్ణాటకలోని ఆతకూరు శాసనం గురించి తెలుసుకోవాలి. 10వ శతాబ్దం మధ్యలో, రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలంలో, గంగ వంశపు రాజు బూతుగుడి దగ్గరున్న మణలెరుడనే వీరుడు బహుమానంగా కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. అది అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. కాళి కోసం గుడి ముందు శిల నిలిపారు, దానిమీద కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ చెక్కారు, భూమి కూడా రాసిచ్చారు. ఆ శిలకు పూజ చేయకుండా పూజారి భోంచేస్తే పాపమని కూడా రాయించారు! కుక్క చావును తలుచుకోవడానికి దక్కన్‌లో వెయ్యేళ్ల కిందటే ఒక పద్ధతి ఉండేదన్నమాట.

మనుషులే చస్తుంటే కుక్కకు ఏడుపేమిటన్న ప్రశ్నను అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని మన కుక్క సంగతి ఎత్తడం మర్యాద కాదు. కానీ దుఃఖం రేషన్ సరుకు కాదు, ఒకరికిస్తే మరొకరికి తగ్గిపోవడానికి. పైగా ఇందులో మనుషుల చావుల్లో అరుదుగా ఎదురయ్యే చిక్కొకటుంది: నయంకాని జబ్బుతో నరకయాతన పడుతున్న ప్రాణికి చివరి ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో యజమానే తేల్చాలి. తొందరపడ్డానా, ఆలస్యం చేశానా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఆ మాట పైకి చెప్పుకునే మనిషి కావాలి. కాబట్టి ‘ఇంకోటి తెచ్చుకోండి’ అని సలహా ఇవ్వకండి. పిల్లలకు ‘పారిపోయింది’ అని అబద్ధం చెప్పకండి, చనిపోయిందనే చెప్పండి. తెలిసినవాళ్ల ఇంట్లో ఇలా జరిగితే ఒక ఫోన్ చేసి, ఆ కుక్క గురించి పేరుతోనే అడగండి, వాళ్లు చెప్పేది వినండి.