ఆ వాసన చెప్పే మాట వినండి

వంటగ్యాసు ప్రమాదం చాలావరకు హెచ్చరించిన తరువాతనే వస్తుంది. హెచ్చరికకూ ప్రమాదానికీ మధ్య ఉండే ఆ కొద్ది నిమిషాలలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసి ఉండడమే అసలైన రక్షణ.

తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. ఇంటిల్లిపాదీ గాఢనిద్రలో ఉన్నారు. మొదటి బస్సుకు వెళ్లవలసిన భర్తకు కాఫీ కలిపి ఇవ్వాలని లేచిన ఆ ఇల్లాలు చీకటిలోనే వంటగది వైపు నడిచింది. అలవాటైన దారి. గోడమీద స్విచ్చి ఎక్కడ ఉన్నదో కళ్లకంటె ముందుగా చేతికే తెలుసు. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. అంతలో కుళ్లిన క్యాబేజీ వంటి వాసన గుప్పున తగిలింది.

ఆమె చెయ్యి స్విచ్చికి అంగుళం దూరంలో ఆగిపోయింది.

"ఏమండీ! లేవండి. లైటు వేయకండి. పిల్లలను తీసుకుని వీధిలోకి నడవండి" అని కేక వేసి, పెరటి తలుపు బార్లా తెరిచింది. తడుముకుంటూ వెళ్లి సిలిండరు మీది రెగ్యులేటరు కట్టివేసి, కిటికీ తెరిచి, తానూ బయటపడింది. తెల్లగా తెల్లవారిన తరువాత చూస్తే సంగతి బోధపడింది. రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టడం మరచిపోయారు. పొయ్యి కిందుగా వేలాడుతున్న రబ్బరు ట్యూబును ఎలుక కొరికింది.

ఇది ఏ ఊరిలోనైనా, ఏ ఇంటిలోనైనా జరగగల సంగతి. దీనికి మరొక ముగింపు కూడా ఉన్నది. ఆ చెయ్యి ఒక్క అంగుళం ముందుకు జరిగి ఉంటే, ఆ ముగింపు మరునాటి పత్రికలో ఒక మూల నాలుగు వాక్యాల వార్తగా వచ్చి ఉండేది.

కట్టెల పొయ్యి నుండి ఎర్ర సిలిండరు దాకా

1910 ప్రాంతంలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, పెట్రోలు నుండి ఊరికే ఆవిరై పోతున్నది ఏమిటా అని పరిశోధించి, అందులో ప్రొపేను, బ్యూటేను వాయువులు ఉన్నాయని కనుగొన్నాడు. ఈ వాయువులకు ఒక విశేషం ఉన్నది. కొద్దిపాటి ఒత్తిడి కలిగిస్తే చాలు, అవి ద్రవంగా మారిపోతాయి. ఒత్తిడి తీసివేస్తే మళ్లీ వాయువులవుతాయి. ఇంత పెద్ద మంటను ఇంత చిన్న పాత్రలో బంధించి ఇంటింటికీ చేరవేయడం ఈ గుణం వల్లనే సాధ్యమైంది.

మన దేశంలో ఇండేన్ గ్యాసు మొదటి కనెక్షను 1965లో కలకత్తాలో ఇచ్చారు. చాలాకాలం పట్టణ ప్రాంతాల మధ్యతరగతి ఇళ్లకే పరిమితమైన ఈ సదుపాయం క్రమంగా పల్లెలకు పాకింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద మహిళల కోసం దీపం పథకాన్ని ప్రారంభించింది. 2016 మే 1వ తేదీన ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో కేంద్రప్రభుత్వం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. ఇప్పుడు దేశంలో 30 కోట్లకు పైగా ఇళ్లలో గ్యాసు పొయ్యి ఉన్నది. తరతరాలుగా పొగలో కళ్లు మండించుకుంటూ ఊపిరితిత్తులు పాడుచేసుకున్న స్త్రీలకు ఇది నిజంగా వరమే. అయితే పొయ్యి వచ్చినంత త్వరగా దాని స్వభావం గురించిన జ్ఞానం రాలేదు. కట్టెల పొయ్యి ముందు పెరిగిన వారికి నిప్పును చూసి జాగ్రత్తపడడం తెలుసు. కంటికి కనిపించని దానిని చూసి జాగ్రత్తపడడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది.

నేలమీద పాకే శత్రువు

ఇంటి సిలిండరులో ఉండేది 14.2 కిలోల గ్యాసు. లోపల అది చాలావరకు ద్రవరూపంలో ఉంటుంది. బయటికి వస్తే ఒక లీటరు ద్రవం దాదాపు 250 లీటర్ల వాయువుగా విస్తరిస్తుంది. ఈ వాయువు గాలికంటె సుమారు రెండింతలు బరువైనది. అందువల్ల ఇది పొగవలె పైకి లేచి వెంటిలేటరు గుండా వెళ్లిపోదు. ఒలికిన నీటివలె నేలమీద పాకుతుంది. గోతులలో, మూలలలో, గట్టుకింది అరలలో నిలవ చేరుతుంది. పొయ్యి దగ్గర లేచిన వాయువు నడవా చివర పూజాగదిలోని దీపం దాకా పాకి అక్కడ అంటుకున్నా ఆశ్చర్యపడనక్కరలేదు.

అయితే ఎంత గ్యాసు పడితే అంత అంటుకోదు. గాలిలో దాని పాలు సుమారు 2 శాతం నుండి 9 శాతం వరకు ఉన్నప్పుడే అది మండుతుంది. అంతకు తక్కువైతే బలం చాలదు. అంతకు మించితే గాలి చాలదు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటగదిని తీసుకుంటే, ఆ గదినంతటినీ మండే స్థితికి తేవడానికి కిలో గ్యాసు చాలును. అంటే సిలిండరులో ఉన్నదానిలో పద్నాలుగవ వంతు. గ్యాసు నేలమీదనే పేరుకుంటుంది కనుక నిజానికి అంత కూడా అవసరం లేదు.

"సిలిండరు పేలింది" అని పత్రికలలో చదువుతుంటాము. చాలా సందర్భాలలో మొదట పేలేది గదిలో నిండిన గ్యాసు, గాలి కలిసిన మిశ్రమం. గట్టి ఉక్కు సిలిండరు తనంతట తాను పగలడం అరుదు. బయటి మంటలలో చిక్కుకుని బాగా కాగినప్పుడు మాత్రం లోపలి ద్రవం మరిగి, ఒత్తిడి పెరిగి, అది బద్దలు కావచ్చు. అప్పుడు దాని సమీపంలో ఎవరూ ఉండరాదు.

ముక్కుకు మూడువందల ప్రాణాల పాఠం

ఈ గ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. మనకు వచ్చే ఆ దుర్గంధం కావాలని కలిపినది. ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఆ పదార్థాన్ని అతి స్వల్పంగా కలిపినా ముక్కు పసిగట్టగలుగుతుంది. మండే వాయువులకు వాసన కలపాలన్న నియమం వెనుక ఒక విషాదగాథ ఉన్నది.

1937 మార్చి 18వ తేదీన అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊరిలో, బడి విడిచే వేళకు కొద్దిగా ముందు, పాఠశాల భవనం ఒక్కసారిగా పైకి లేచి కూలిపోయింది. భవనం అడుగున ఉన్న గొట్టం నుండి సహజవాయువు కారి, ఎవరికీ తెలియకుండా అక్కడ నిండిపోయింది. దానికి వాసన లేదు. పనిముట్ల గదిలో విద్యుత్తుతో నడిచే యంత్రం ఒకటి నిప్పురవ్వ రాల్చింది. సుమారు మూడువందల మంది పిల్లలు, ఉపాధ్యాయులు మరణించారు. ఆ సంవత్సరమే టెక్సస్ శాసనసభ వాయువుకు వాసన కలపడం తప్పనిసరి చేసింది. తరువాత ఇతర ప్రాంతాలు కూడా ఆ దారిని అనుసరించాయి. ఈనాడు మన వంటగదిలో ముక్కుకు తగిలే దుర్వాసన ఆ పిల్లలు లోకానికి విడిచిపోయిన హెచ్చరిక.

ఈ వాసన మనుషులనే కాదు, రాబందులను కూడా ఆకర్షిస్తుంది. కుళ్లిన కళేబరాల నుండి వచ్చే వాసనలో ఈ పదార్థం ఉండడమే అందుకు కారణం. కాలిఫోర్నియాలో వాయువు గొట్టాలకు చిల్లులు పడిన చోట ఒక జాతి రాబందులు ఆకాశంలో గుంపుగా తిరుగుతూ ఉండడం గమనించి, వాటి సాయంతో ఇంజనీర్లు చిల్లులు కనిపెట్టారు.

అయితే ముక్కును పూర్తిగా నమ్ముకోరాదు. జలుబు చేసిన వారికి, వయసు మళ్లిన వారికి వాసన సరిగా తెలియదు. చాలాసేపు అదే గదిలో ఉన్నవారికి ముక్కు అలవాటుపడిపోతుంది. అందువల్ల బయటినుండి వచ్చినవారు "ఏదో వాసన వస్తున్నదే" అంటే, "మాకేమీ రావడం లేదు" అని కొట్టిపారవేయకూడదు.

ఆ కొద్ది నిమిషాలు

వాసన తగలగానే మొదట చేయవలసినది, చేతులను అదుపులో పెట్టుకోవడం. లైటు వేయకూడదు, వెలుగుతున్న లైటును ఆర్పకూడదు. స్విచ్చి వేసినా తీసినా లోపల కంటికి కనిపించని నిప్పురవ్వ పుడుతుంది. గాలి పోతుందని ఫ్యాను వేయడం, టార్చి వెలిగించడం, ఆ గదిలో నిలబడి ఫోను చేయడం కూడా అంత ప్రమాదమే. తనంతట తాను ఆగుతూ, మొదలవుతూ ఉండే ఫ్రిజ్ కూడా నిప్పురవ్వ పుట్టించగలదు. కనుకనే దానిని వంటగదికి వెలుపల ఉంచమంటారు.

దీపం, అగరువత్తి, సిగరెట్టు ఏది వెలుగుతున్నా వెంటనే ఆర్పివేయాలి. పొయ్యి నాబులు, ఆపైన రెగ్యులేటరు కట్టివేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. నేలమీది గ్యాసు పోవడానికి కిటికీకంటె తలుపు ముఖ్యం. రెగ్యులేటరు కట్టినా వాసన తగ్గకపోతే, దానిని తీసి సిలిండరు మూతికి దారంతో కట్టి ఉండే ప్లాస్టిక్ మూత గట్టిగా బిగించాలి. సిలిండరు వచ్చిన రోజున ఆ మూతను తెంపి పారవేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మూత బిగించినా కారుతూ ఉంటే, సాధ్యమైతే సిలిండరును ఆరుబయటికి చేర్చాలి. వాసన ఘాటుగా గదినిండా ఉంటే మాత్రం ఈ పనులేవీ తలపెట్టవద్దు. అందరినీ బయటికి పంపి, ఇరుగుపొరుగును హెచ్చరించి, దూరంగా వెళ్లి 1906 నంబరుకు ఫోను చేయాలి. గ్యాసు కారుతున్నదని చెప్పుకోవడానికి దేశమంతటికీ రాత్రింబవళ్లు పనిచేసే నంబరు అది. మంటలు లేచి ఉంటే అగ్నిమాపక దళాన్ని 101 నంబరులో పిలవాలి.

ఎవరికైనా ఒంటికి నిప్పు అంటుకుంటే పరుగెత్తనివ్వకూడదు. కింద పడుకోబెట్టి మందమైన నూలు దుప్పటి కప్పాలి. కాలినచోట ఇరవై నిమిషాలపాటు చల్లని కుళాయి నీరు పోయాలి. సిరా, టూత్‌పేస్టు, నెయ్యి పూయరాదు. ఆ తరువాత ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

రోజుకు ఒక్క నిమిషం

ప్రమాదం వచ్చినప్పటి ధైర్యంకంటె రాకముందటి అలవాటు మేలు. సిలిండరు లోపలి ఒత్తిడి ప్రతి చదరపు సెంటీమీటరుకు అయిదారు కిలోల దాకా ఉంటుంది. రెగ్యులేటరు దానిని 30 గ్రాములకు తగ్గించి పొయ్యికి పంపుతుంది. వంట ముగిసిన ప్రతిసారీ, కనీసం రాత్రి పడుకోబోయే ముందు దానిని కట్టివేస్తే, తరువాత ట్యూబుకు ఏమైనా భయం లేదు. ట్యూబు కూడా ఉక్కుతీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబు కావాలి. పొడవు ఒకటిన్నర మీటరు మించరాదు. చూడడానికి బాగానే ఉన్నా అయిదేళ్లకు ఒకసారి మార్చాలి. పాత చీర ముక్క చుట్టి దానిని అందంగా దాచడం మంచిది కాదు. పగుళ్లు కూడా దానితోపాటే దాగిపోతాయి.

సిలిండరును ఎప్పుడూ నిలువుగా, నేలమీదనే ఉంచాలి. పొయ్యి దానికంటె ఎత్తున గట్టుమీద ఉండాలి. కొత్త సిలిండరు తెచ్చిన కుర్రవాడిని మూత తీసి, లోపలి రబ్బరు వలయం సరిగా ఉన్నదో లేదో చూపించి వెళ్లమనాలి. అనుమానం కలిగితే సబ్బునీరు రాస్తే చాలు. గ్యాసు కారేచోట బుడగలు లేస్తాయి. ఆ పరీక్షకు అగ్గిపుల్లను ఉపయోగించినవారు ఆ సంగతి చెప్పడానికి అన్నివేళలా మిగలరు.

సిలిండరు మెడ దగ్గరి పట్టీలమీద ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండు అంకెలు ఉంటాయి. వాటిని చదవడం ఇంటిలో అందరికీ నేర్పాలి. ఎ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. "డి 28" అని ఉంటే 2028 డిసెంబరు నాటికి ఆ సిలిండరును మళ్లీ పరీక్షించాలని అర్థం. గడువు దాటినదాన్ని నిర్మొహమాటంగా వెనక్కి పంపవచ్చు.

పెద్ద సిలిండరు నుండి చిన్నదానిలోకి గ్యాసు మార్పించుకోవడం వీధి చివర జరుగుతూ ఉంటుంది. అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం కూడా. వేడికి ద్రవం ఉబ్బడానికి ప్రతి సిలిండరులోను కొంత ఖాళీ వదలాలి. ఆ కొలత వీధిలోని వానికి తెలియదు. చిన్నది కావలసినవారికి గ్యాసు కంపెనీలే 5 కిలోల సిలిండరు అమ్ముతున్నాయి.

దేశం మారినా ఈ వాయువు స్వభావం మారదు. అమెరికాలో స్థిరపడిన మనవారు వేసవి సాయంకాలాలలో పెరటిలో ప్రొపేను పొయ్యిమీద మొక్కజొన్నలో, కోడిమాంసమో కాల్చుకుంటారు. ఆ పొయ్యికి పెద్ద మూత ఉంటుంది. మూత తెరవకుండా గ్యాసు వదిలి వెలిగించబోతే, లోపల నిండిన గ్యాసు ఒక్కసారిగా ముఖం మీదికి ఎగసి మండుతుంది. మూత తెరిచి వెలిగించాలి. వెలగకపోతే గ్యాసు కట్టి, అయిదు నిమిషాలు ఆగి, మళ్లీ ప్రయత్నించాలి. వాన వచ్చిందని దానిని గ్యారేజీలోకి తేకూడదు. మంట కనిపిస్తూ ఉన్నా, కనిపించని విషవాయువు అక్కడ పోగవుతుంది.

మొదట చెప్పిన ఇల్లాలు వాసన చూసి చెయ్యి ఎందుకు ఆపింది? ఎవరో ఎప్పుడో ఆమెకు ఒక్క మాట చెప్పి ఉంటారు: వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకు అని. ఆ మాట నిద్రమత్తులో కూడా చేతిని ఆపగలిగేంతగా ఆమె మనస్సులో నాటుకుంది. ఇంటిలో వంట చేసేది ఆమె ఒక్కతే కాదు. భర్త ఉన్నాడు, అత్తగారు ఉన్నారు, మధ్యాహ్నం బడినుండి వచ్చి పాలు కాచుకునే పదేళ్ల పిల్ల ఉన్నది, ఉదయం వచ్చి గిన్నెలు తోమే పనిమనిషి ఉన్నది. వాసన మొదట ఎవరి ముక్కుకు తగులుతుందో ముందుగా చెప్పలేము. కనుక ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ ఒక్క మాట అందరికీ చెప్పండి. లేచి వెళ్లి రెగ్యులేటరు కట్టి రండి.