ఆబ్జెక్టులలోని గుణములకు కాపుదల

కంప్యూటరు భాషలలో ఆబ్జెక్టు అనగా కొన్ని విలువలను, వానితో జరుగు పనులను ఒక్కచోట కూర్చిన కట్ట. అందలి విలువలకు గుణములని పేరు. ఒక విద్యార్థి మార్కులను దాచు ఆబ్జెక్టును ఉదాహరణముగా తీసికొందము. అందు సున్నకు తక్కువైన సంఖ్యగాని, నూటికి మించిన సంఖ్యగాని చేరరాదు. కాని ఆ గుణము అందఱికిని తెఱచియున్నచో, ప్రోగ్రాములో ఏ మూలనుండియైనను 950 అని వ్రాయవచ్చును, అడ్డుచెప్పు దిక్కుండదు. సరాసరి తప్పిన పిమ్మట ఆ తప్పెచ్చట పుట్టినదో వెదకుట మిక్కిలి కష్టము.

ఇందులకు ఉపాయమేమనగా, గుణమును లోపలనుంచి, చదువుటకొక ఫంక్షనును, మార్చుటకొక ఫంక్షనును మాత్రము బయటికి చూపుట. మొదటిదానిని గెట్టరనియు, రెండవదానిని సెట్టరనియు అందురు. సెట్టరు వచ్చిన సంఖ్యను పరీక్షించి, తగినదైననే లోనికి పంపును. మార్చవలసిన యవసరము లేనిచోట సెట్టరును వ్రాయకుండుటయే మేలు.

పి.హెచ్.పి. భాషయందు 2004వ సంవత్సరమున వెలువడిన 5వ కూర్పుతో పబ్లిక్, ప్రొటెక్టెడ్, ప్రైవేటు అను మూడు తరగతు లేర్పడినవి. మొదటిది అందఱికిని అందును. రెండవది ఆ క్లాసునకును, దానినుండి పుట్టిన క్లాసులకును. మూడవది ఆ క్లాసునకే. 2024లో వచ్చిన 8.4వ కూర్పుతో, ఒకే గుణమును అందఱును చదువునట్లును, లోపలివారు మాత్రమే మార్చునట్లును ఏర్పఱచుటకు వీలు కలిగెను.

1995లో పుట్టిన జావాస్క్రిప్టునందు చిరకాలము ఇట్టి గడియ లేదు. పేరునకు ముందొక క్రిందిగీత నుంచి, దీనిని ముట్టవలదని సూచించెడివారు. అది మర్యాదయే గాని తాళము కాదు. కొందఱు ఫంక్షను లోపలి చలరాశిలో విలువను దాచెడివారు. 2022వ సంవత్సరపు ప్రమాణముతో, పేరునకు ముందు '#' గుర్తుగల గుణమును క్లాసు వెలుపల ముట్టరాదని భాషయే శాసించినది. అట్లు వ్రాసిన ప్రోగ్రాము నడువకమునుపే త్రోసివేయబడును.

అయినను ఈ కాపుదల పొరపాటునుండియే గాని దొంగనుండి కాదు. బ్రౌజరునకు పంపిన జావాస్క్రిప్టు అంతయు చూచువాని యంత్రముననే యుండును. దానిని విప్పి చూచు సాధనములును బ్రౌజరులోనే కలవు. పి.హెచ్.పి. యందును రిఫ్లెక్షను అను సదుపాయముచే ప్రైవేటు గుణమును చదువవచ్చును. కావున ప్రైవేటు అని వ్రాసితిమిగదా యని రహస్యపదములను బ్రౌజరునకు పంపుట మిక్కిలి ప్రమాదము. వానిని సర్వరునందే భద్రపఱుపవలెను.

విద్యార్థులకు మేము చెప్పున దిది: ప్రతి గుణమును మొదట ప్రైవేటుగనే వ్రాయుడు, అవసరము కలిగినప్పుడే తెఱువుడు. మూసిన తలుపును తెఱచుట సులభము. తెఱచినదానిని తరువాత మూయవలెనన్న, దానిపై నాధారపడిన ప్రోగ్రాములన్నిటిని దిద్దవలసి వచ్చును.