చంటిబిడ్డకు ఉపవాసమా?

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు సంఘాల్లో ఉపవాస ప్రార్థనకు తల్లులు చంకబిడ్డలతోనే వస్తారు. ప్రార్థన సాగేకొద్దీ బిడ్డ పాలవేళ దాటిపోతుంది. ఎక్కువమందికి కాస్త ఏడుపుతో సరిపోతుంది. నూటికో కోటికో ఒక బిడ్డకు మాత్రం, అందునా జ్వరమో వాంతులో ఉన్నప్పుడు, పస్తు ప్రాణం మీదికి తెస్తుంది.

మనం తిననప్పుడు శరీరం ముందు కాలేయంలో దాచిన చక్కెరను వాడుకుంటుంది. అది తరిగాక కొవ్వును ఖర్చుపెడుతుంది. కొవ్వు ఆమ్లాలు గొలుసుల వంటివి. వాటిలో మధ్యరకం పొడవున్న గొలుసులను తెంచే ఎంజైమును వైద్యులు ఎంక్యాడ్ అంటారు. దాన్ని తయారుచేయించే జన్యువు ఏసీఏడీఎం, ఒకటో క్రోమోజోము మీద ఉంది. ఆ జన్యువు చెడితే గాదె నిండా వడ్లున్నా మర ఆగిపోయిన ఇల్లే. ఒంట్లో కొవ్వు ఉంటుంది, బిడ్డకు అక్కరకు రాదు. రక్తంలో చక్కెర పడిపోయి మగత, ఫిట్స్, ఒక్కోసారి నిద్రలోనే మరణం. ఈ జబ్బును వైద్యులు గుర్తించింది 1980ల తొలినాళ్లలోనే.

అమ్మానాన్నలు ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరిలోనూ ఒక్కొక్క చెడిన ప్రతి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఉత్తర ఐరోపా సంతతిలో ఇది ఎక్కువ, మన దగ్గర అరుదు. అయినా మేనరికాలున్న చోట ఇటువంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. బిడ్డ పోయిన ఇంటికి వెళ్లి 'ఏ పాపం చేశారో' అనేవారు, పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమని జవాబిచ్చాడో యోహాను తొమ్మిదో అధ్యాయంలో చదువుకోవాలి.

చంటిపిల్లలను కూడా ఉపవాస కూటానికి తెమ్మని యోవేలు ప్రవక్త చెప్పలేదా అని కొందరు వాదిస్తారు. తెమ్మన్నాడు, పాలు మాన్పించమనలేదు. పిల్లలచేత పస్తులుంచి గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు. యాయీరు కుమార్తెను లేపిన వెంటనే ఆమెకు తినడానికి పెట్టమన్నాడు యేసు. మూడు దినాలు తనతో ఉన్న జనసమూహాన్ని ఆకలితో పంపితే దారిలో సొమ్మసిల్లుతారని చింతించాడు.

ఈ జబ్బుకు ముఖ్యమైన వైద్యం వేళకు తిండే. పుట్టిన తొలిరోజుల్లో మడమ నుంచి తీసిన రెండు మూడు రక్తపు చుక్కలతో దీన్ని పట్టవచ్చు. ఇంట్లో ముందే ఒక పసిబిడ్డ కారణం తెలియకుండా పోయివుంటే, తర్వాతి కాన్పుకు ముందే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. వాంతులై ఏదీ ఇమడని బిడ్డ మత్తుగా పడివుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, గ్లూకోజు ఎక్కిస్తారు. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు. సంఘ పెద్దలు వచ్చే శుక్రవారానికల్లా మందిరం వెనుక తల్లులు పాలిచ్చుకోవడానికి ఒక గది చూడాలి.