సుంకం, అభయం ఒకే ఓడలో: మోటుపల్లి శాసనం వెలుగులో సముద్ర గస్తీ నౌక

వ్యాస సంగ్రహం: దొంగ రవాణాను అడ్డుకోవడం, ఆపదలో ఉన్నవారిని కాపాడడం అనే రెండు బాధ్యతలనూ నేటి తీరరక్షక నౌక ఒక్కటే మోస్తున్నది. ఈ జంట బాధ్యతకు తెలుగు నేలపై ఉన్న పూర్వరూపాన్ని మోటుపల్లి అభయశాసనంలో గుర్తించి, అది ఎంతవరకు పూర్వరూపమో, ఎక్కడ కాదో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అభయశాసనం, సుంకం, గస్తీ, తీరరక్షణ, మోటుపల్లి.

1. ప్రశ్నకు మూలం

గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని ఎం.ఏ. తరగతిలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని, "సరకుకు అభయం ఇచ్చారు సరే, నీళ్లలో పడిన మనుషుల మాటేమిటండీ?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. శాసనాన్ని మళ్లీ చదివితే ఆమె సందేహం సరైనదేనని తెలిసింది.

2. శాసనం చెప్పినది

నేటి బాపట్ల జిల్లా మోటుపల్లిలో, వీరభద్రాలయంలోని స్తంభంపై ఉన్న ఈ శాసనం శక 1166 నాటిది, అంటే క్రీ.శ. 1244-45. ఓడ తుఫానులో చిక్కి, విరిగి, ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా సర్వస్వాన్నీ పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనకర్త దాపరికం లేకుండా చెబుతాడు. ప్రాణం కన్నా ధనమే గొప్పదని తలచి సముద్రయానపు ముప్పుకు సిద్ధపడినవారి మీద దయతోను, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పైకి ఒకటి. అటుపైన శ్రీగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, పగడాలు, మిరియాలు వంటి సరకులకు వేర్వేరుగా రేట్లు ఉన్నాయి.

ఇక్కడ దయను, ఆదాయాన్ని విడదీయలేము. విరిగిన ఓడను దోచుకునే రేవుకు మరుసటి ఏడు వర్తకుడు రాడు. ఒక్కసారి అంతా తీసుకోవడం కన్నా ఏటేటా ముప్పయ్యో వంతు తీసుకోవడమే కోశానికి లాభం. అలాగని దయ అన్న మాటను వట్టి అలంకారంగా కొట్టిపారేయడం కూడా తొందరపాటే అవుతుంది. తన ముందటి రాజులు చేసింది అన్యాయమని రాతి మీద చెక్కించడం సామాన్యమైన విషయం కాదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఇదే రేవులో మళ్లీ ధర్మశాసనం వేయించి వర్తకులకు అభయమిచ్చాడు. ఒకసారి ఇచ్చిన మాటను కాలం మారినప్పుడు తిరిగి ఇవ్వవలసి వచ్చిందన్నమాట. (శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయశెట్టి ఓడవర్తకుడే. అయితే కావ్యం క్షేమంగా తీరం చేరిన సరకునే కీర్తిస్తుంది. విరిగిన ఓడ సంగతి తెలియాలంటే శాసనాన్నే ఆశ్రయించాలి.)

పోల్చి చూడడానికి ఇంగ్లండు చట్టం ఒకటి ఉంది. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం విరిగిన ఓడలోంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే, ఆ ఓడను దిక్కులేని సొత్తుగా లెక్కించకూడదు. మోటుపల్లి శాసనానికి అటువంటి షరతు అక్కరలేదు. ఈ విషయంలో అది ముప్పై ఏళ్లు ముందే ఉదారంగా ఉంది.

అయినా విద్యార్థిని ప్రశ్న నిలిచే ఉంది. శాసనం ఒడ్డున నిలబడి మాట్లాడుతుంది. తుఫాను తెచ్చి పడవేసిన సరకు ఎవరిదో తేలుస్తుందే తప్ప, తుఫానులోకి ఎవరినీ పంపదు.

3. ఒడ్డు నుండి నీటి మీదికి

సుంకపు అధికారి ఓడ ఎక్కిన తరువాతనే రక్షణ అతని పనిగా మారింది. అమెరికాలో 1790లో సుంకం ఎగవేతను అరికట్టడానికి పది చిన్న నౌకలను నిర్మించేందుకు చట్టం అనుమతించింది. అవి తీరం వెంట నిత్యం తిరిగేవి కనుక ఆపదలో ఉన్న ఓడలు వాటికే ముందుగా ఎదురయ్యేవి. 1837లో అక్కడి చట్టసభ శీతకాలంలో ప్రభుత్వ నౌకలను ఆపన్నుల సహాయానికి తిప్పేందుకు అధికారమిచ్చింది. 1915లో సుంకపు నౌకాదళాన్ని, ప్రాణరక్షణ సంస్థను కలిపి కోస్ట్ గార్డ్‌గా ఏర్పరిచారు.

మన దేశంలోనూ ఆరంభం దొంగ రవాణాతోనే. సముద్ర మార్గాన సాగే అక్రమ రవాణాను అరికట్టే విషయం పరిశీలించడానికి 1974లో కె.ఎఫ్. రుస్తుంజీ అధ్యక్షతన సంఘం ఏర్పడింది. 1977 ఫిబ్రవరి 1న తీరరక్షక దళం తాత్కాలికంగా మొదలై, 1978 చట్టంతో స్థిరపడింది. ఆ చట్టంలోని 14వ సెక్షన్ చదవదగినది. ఆపదలో ఉన్న మత్స్యకారులకు సహాయం, అక్రమ రవాణా నిరోధంలో కస్టమ్స్ శాఖకు తోడ్పాటు, సముద్రంలో ప్రాణాల, ఆస్తుల భద్రత, ఇవన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి.

ఈ కలయికకు నౌక నిర్మాణంలోనే కారణం ఉంది. అనుమానిత ఓడను సోదా చేయడానికి దింపే చిన్న రబ్బరు పడవే నీటిలో కొట్టుకుపోతున్నవారిని ఎక్కించుకుంటుంది. దొంగ ఓడను వెతికే హెలికాప్టరే తప్పిపోయిన పడవనూ వెతుకుతుంది. తీరానికి దూరంగా రోజుల తరబడి నిలవగల ఇంధనం, అలలను తట్టుకునే పొట్ట, రాడార్ రెండు పనులకూ కావాలి. రెండు విడివిడి దళాలను నడపడం ఏ దేశానికైనా భారమే. అయితే హద్దులు వేరు. 1976 నాటి మన చట్టం ప్రకారం సుంకపు చట్టాల అమలు కోసం ప్రభుత్వం చర్య తీసుకోగల పరిధి 24 నాటికల్ మైళ్ల వరకే. ఆపదకు అటువంటి గీత లేదు.

4. పేరులో ఉన్న చిక్కు

తెలుగు పత్రికలు ఈ దళాన్ని ఒకచోట 'తీర గస్తీ దళం' అనీ, మరొకచోట 'తీర రక్షక దళం' అనీ రాస్తాయి. దీనిని అనువాదంలోని అలసత్వంగా మాత్రమే చూడలేం. గస్తీ అన్నప్పుడు దొంగను వెతికే చూపు, రక్షణ అన్నప్పుడు చేయందించే చూపు కనబడతాయి. చేపల వేటకు వెళ్లిన మనిషికి ఈ రెండూ ఒకే నౌక రూపంలో ఎదురవుతాయి. నిన్న తన పడవను ఆపి కాగితాలు అడిగిన నౌకనే నేడు ఇంజను చెడినప్పుడు పిలవాలి. సోదా చేసే తీరులో మర్యాద లోపిస్తే రక్షణకు పిలిచే నోరు వెనకాడుతుందని నా అభిప్రాయం. కాబట్టి పరిభాషను స్థిరపరచేవారు 'రక్షక' పదాన్నే ఎంచుకోవాలి. దళం నినాదమైన 'వయం రక్షామః'లో ఉన్నదీ ఆ ధాతువే.

5. విశాఖ తీరంలో ఒక నౌక

2019 ఆగస్టు 12న విశాఖపట్నం తీరానికి ఆవల 'కోస్టల్ జాగ్వార్' అనే సహాయక నౌకలో మంటలు చెలరేగి, సిబ్బంది ప్రాణాలు దక్కించుకోవడానికి సముద్రంలోకి దూకారు. రక్షణకు చేరుకున్న తీరరక్షక నౌక పేరు 'రాణి రాష్‌మొణి'. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే తయారైన వేగవంతమైన గస్తీ నౌక అది. 29 మందిలో 28 మందిని ఆనాడు కాపాడారు.

ఆ పేరు గల రాణి పందొమ్మిదో శతాబ్దపు కలకత్తా జమీందారిణి. గంగలో చేపలు పట్టే జాలరులపై కంపెనీ ప్రభుత్వం పన్ను వేసినప్పుడు, ఆమె నదిలో కొంతభాగాన్ని కౌలుకు తీసుకుని, ఇనుప గొలుసులు కట్టించి ఓడల రాకపోకలను ఆపి, పన్ను రద్దు చేయించిందని చెబుతారు. అక్రమ రవాణా నిరోధంలో సుంకపు శాఖకు తోడ్పడవలసిన నౌకకు జాలరుల పన్నును ఎదిరించిన స్త్రీ పేరు పెట్టారు.